చెక్కకి కూడా కుట్టు వదిలిన కళావతి

నర్సీపట్నంలో కళావతి కొట్టుకి జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళ్లిన మనిషి తల్లో చెక్కపొట్టుతో ఇంటికి వస్తుంది. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. కొట్టులో ఎడమ పక్క కాళ్లతో తొక్కే కుట్టుమిషను ఉంటుంది. కుడి పక్క, చపాతీలు వత్తుకునేంత బల్ల మీద, కంప్యూటరు చెప్పినట్టు చెక్కని కోసే బుల్లి మిషను ఉంటుంది. దాన్ని సీఎన్‌సీ అంటారు. ఓ చిన్న మోటారు, దాని మూతికి పెన్సిలు ముల్లంత కత్తి. ఆ కత్తిని బిట్టు అంటారు. కంప్యూటరులో ఏ గీత గీస్తే ఆ గీత వెంట ఆ బిట్టు గిర్రున తిరుగుతూ నడుస్తుంది.

"మా ఇంట్లో నాకన్నా ఎక్కువ అరిసేది అదొక్కటే," అంటాడు కళావతి మొగుడు దేవుళ్లు. ఆయన ఆటో తోలతాడు. అరవడం గురించి ఆయనకి తెలుసు.

ఆ మిషను కొట్టులోకి వచ్చింది గుండీల కోసం. కొబ్బరి చిప్పతో గుండీలు చేసి జాకెట్ల వీపుకి కుడితే ఎలా ఉంటుందని కళావతికి ఒక మధ్యాహ్నం బుర్రలో పడింది. ఆవిడ బుర్రలో ఏదైనా పడితే ఇక అది ఇంట్లోవాళ్లందరి నెత్తినా పడ్డట్టే. పాయకరావుపేటలో రమణబాబు అనే ఇంజనీరు కుర్రాడు సరదాగా కొనుక్కుని, సరదా తీరిపోయి, మంచం కింద పెట్టుకున్న మిషను ఉందని ఎవరో చెప్పారు. దేవుళ్లు వెళ్లి దాన్ని ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టి, పడిపోకుండా తువ్వాలుతో కట్టి తీసుకొచ్చాడు. దారిలో ఇద్దరు చెయ్యెత్తారట. "లోపల పెద్దమనిషి ఉన్నాడమ్మా, జరగడు," అని చెప్పి వచ్చేశాడు.

పదో తరగతితో చదువు ఆపేసిన కళావతి ఆ మిషనుని వీడియోలు చూసి నేర్చుకుంది, రమణబాబుకి ఫోన్లు చేసి నేర్చుకుంది, ఇలాంటి మిషన్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపులో అడిగి నేర్చుకుంది. ఆ గ్రూపులో ఆవిడ పేరు "కె" అని మాత్రం ఉండేది. మిషను ఉన్న మనిషి మగవాడే అయి ఉండాలని అక్కడివాళ్లకి ఎవరూ చెప్పకుండానే తెలుసు. అందుకని అందరూ "కె బ్రో" అనేవారు. కళావతి కూడా "థాంక్యూ బ్రో" అని జవాబిచ్చేది. దేవుళ్లు ఇంట్లో కూడా "బ్రో, అన్నం ఎట్టు" అనడం మొదలెట్టాడు.

ఒక శనివారం పొద్దున్న రోలుగుంట వైపు నుంచి లోవమ్మ వచ్చింది. జాకెట్టు గుడ్డ తేలేదు. లోవమ్మ చిన్నప్పటి నుంచి జీడిపిక్కలు ఒలిచే మనిషి. జీడి సొన కాల్చి కాల్చి ఆవిడ వేళ్లు నల్లబడి, వాటి మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషను ఇచ్చేచోట వేలిముద్ర మిషను ఆవిడని మనిషిగా గుర్తించదు. ఆవిడ ఒలిచిన పప్పుని మాత్రం పట్నాల్లో అందరూ గుర్తిస్తారు, పాయసంలో.

"అప్పా, నీ మిషను అచ్చరాలు కోస్తాదా?" అంది లోవమ్మ. ఆ వైపు అక్కని అప్పా అంటారు.

"గుండీలు కోసింది. తాళాలకి ఏలాడే చేపలు కోసింది. అచ్చరాలెందుకు కోయదే? ఏటి కావాలి?"

లోవమ్మ చెప్పింది. ఒలిచే ఆడవాళ్లంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. షావుకారు దగ్గర పిక్కలు తెచ్చి, ఆయన చెప్పిన కూలికి ఒలిచి, చేతులు కాల్చుకునే బదులు, తామే తోటల్లోంచి పిక్కలు కొని, తామే ఒలిచి, తామే అమ్ముకుందామని. దానికి రిజిస్ట్రేషను కావాలి. సోమవారం పొద్దున్న ఆఫీసరు వచ్చి చూస్తాడు. సంఘానికి ఒక చోటు ఉండాలి, ఆ చోటుకి ఊడకుండా బిగించిన పేరు బోర్డు ఉండాలి. చోటు ఉంది, సోమలమ్మ ఇంటి వసారా. బోర్డే నిలవడం లేదు.

మొదట అట్టముక్క మీద రాసి కట్టారు. తెల్లారేసరికి లేదు. ఫ్లెక్సీ కట్టారు. చింపేశారు. చెక్క మీద ప్లాస్టిక్ అక్షరాలు అంటించారు. ఎవరో పలుగుపెట్టి గీకేశారు. ఎవరో అంటే ఎవరో అందరికీ తెలుసు, షావుకారు గిడ్డంగి కాపలావాడి చేతికి ఆ మర్నాడు కట్టు ఉంది. ఆ తర్వాత ఫ్లెక్సీ కొట్టువాడికి మిషను పాడైంది. పెయింటరుకి జ్వరం వచ్చింది. ఇద్దరికీ షావుకారు కొట్టు బోర్డులు రాసే పని బాగానే సాగుతోంది.

ఈ రోడ్లంతా చూడండి. పుట్టినరోజుకి ఫ్లెక్సీ, పదవి వచ్చినందుకు ఫ్లెక్సీ, పదవి రానందుకు అభిమానుల ఫ్లెక్సీ. పాలు తాగే పిల్లాడికి కూడా కూడలిలో నిలువెత్తు బొమ్మ. పొద్దస్తమానం పిక్కలు కొట్టే ఆడవాళ్లకి పేరు రాసిపెట్టే చెయ్యి మాత్రం ఈ చుట్టుపక్కల దొరకలేదు.

"సోమవారం బోర్డు లేకపోతే?" అంది కళావతి.

"సంఘం లేదని రాసేస్తాడట. ఫైలు మూసేస్తారు. మళ్లీ షావుకారు గుమ్మంలోకే. ఈపాలి ఎళ్తే ఆడు కూలి ఇంకా తగ్గిస్తాడు, మా మీద కోపంతో," అంది లోవమ్మ. "ఎవడూ పీకలేనట్టు సెయ్యాలప్పా."

పీకలేనట్టు చెయ్యడానికి ఒకే దారి ఉంది. అక్షరాన్ని చెక్క మీద అంటించకూడదు. అక్షరం ఆకారంలోనే చెక్కలో గూడు తవ్వి, అక్షరాన్ని విడిగా కోసి, ఆ గూట్లోకి సుత్తితో దిగ్గొట్టాలి. రెండూ ఒకే మట్టానికి వస్తే పలుగు పెట్టడానికి సందు ఉండదు. మిషను చిన్నది గనక ఒక్కో అక్షరానికి ఒక్కో పలక. పలకలు నల్లమద్దివి, అక్షరాలు పసుపచ్చటి పనసవి. కలప అడితిలో తుక్కు ముక్కలు ఏరి దేవుళ్లు ఆటోలో వేసుకొచ్చాడు.

డీటీపీ కొట్లో గౌతమి పేరు టైపు చేసి పెన్‌డ్రైవులో ఇచ్చింది: జీడిపిక్కల కూలి మహిళల సంఘం. కళావతి లాప్‌టాప్‌లో తెరిస్తే అక్షరం లేదు. వరసగా ఖాళీ డబ్బాలు వచ్చాయి.

"ఇదేటి, ఇటికలు ఏసి పంపింది?" అన్నాడు దేవుళ్లు.

రమణబాబుకి ఫోను. "మీ దాంట్లో ఆ అక్షరాల ఫాంటు లేదండీ. అక్షరాల్ని గీతలుగా మార్చి పంపమనండి. అప్పుడు ఫాంటుతో పని లేదు." గౌతమి మార్చి పంపింది. ఈసారి అక్షరాలు వచ్చాయి, 'క్క' కింద ఒత్తు మాత్రం 'జీ' పక్కకి వెళ్లి నిలబడింది. కళావతి దాన్ని మౌసుతో చెవి పట్టుకుని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చి దాని చోట దాన్ని పెట్టింది. "కదిలావంటే చూడు," అని కూడా అంది.

మిషను ఆన్ చేసింది. అరచెయ్యంత 'జీ' కోయాలి. బిట్టు చెక్కలో దిగింది, కుడికి బయల్దేరింది. కుడికి వెళ్తోంది. ఇంకా కుడికే వెళ్తోంది. పలక దాటింది, బల్ల చివరికి వచ్చింది, ఇనప చట్రానికి గుద్దుకుని, అయినా ఆగకుండా, అవతల వీధిలోకి పోతానన్నట్టు దడదడదడ కొట్టుకోవడం మొదలెట్టింది.

"ఆపండీ! ప్లగ్గు పీకండి!"

దేవుళ్లు ఎగిరి ఒక ప్లగ్గు పీకాడు. ఫ్యాను ఆగింది. ఇంకోటి పీకాడు. ఇస్త్రీపెట్టె చల్లారింది. మిషను దడదడ ఆగలేదు. మూడోది పీకేసరికి కొట్లో లైటు పోయింది. కళావతి ఆ మసకలో తడుముకుని మిషను మీది ఎర్ర బటను నొక్కింది. లైటు వెలిగాక చూస్తే దేవుళ్లు చేతిలో ఫోను చార్జరు కూడా ఉంది.

తప్పు మిషనుది కాదు. కళావతి టైలరు. టైలరుకి లోకమంతా అంగుళాల్లోనే ఉంటుంది, టేపు అలా ఉంటుంది గనక. అందుకని మిషను కొన్న రోజే కొలతల్ని అంగుళాలకి మార్చిపెట్టుకుంది. గౌతమి ఫైలు మిల్లీమీటర్లలో ఉంది. అరచెయ్యంత 'జీ' గోడంత 'జీ' అయి కూర్చుంది. మిషను పాపం చెప్పిన మాట విని ఆ గోడంత అక్షరాన్ని కోయబోయింది.

"నయం, అది పూర్తిగా ఇనేసుంటే పక్క మందుల కొట్టు సగం తెగిపోయేది," అన్నాడు దేవుళ్లు. ఇద్దరూ నవ్వీ నవ్వీ, కొలతలు మిల్లీమీటర్లకి మార్చి, మళ్లీ మొదలెట్టారు. ఆ సాయంత్రానికి మొదటి 'జీ' అక్షరమూ, దాని గూడూ తయారయ్యాయి. పనసచెక్క వాసనతో కొట్టంతా పండు కోసినట్టుంది.

అసలు తంటా అప్పుడు మొదలైంది. అక్షరం గూట్లో దిగలేదు.

అటు తిప్పింది, ఇటు తిప్పింది, అరచేత్తో నొక్కింది, చెక్కసుత్తితో కొట్టింది. 'జీ' గూటి అంచుల మీద దర్జాగా కూర్చుంది. ఇంకో పనసముక్క పెట్టి మళ్లీ కోసింది. అదే తంతు. 'డి' కోసింది. అదీ అంతే. ఆదివారం పొద్దున్నకి గూళ్లన్నీ తవ్వడం అయింది, దిగని అక్షరాల కుప్ప పెరిగింది, మంచి పనసముక్కలు తరిగిపోతున్నాయి.

గ్రూపులో అడిగింది. "కె బ్రో, ఆఫ్‌సెట్ చూసుకో," అన్నారు బ్రోలు. బిట్టుకి మందం ఉంటుంది. గీత మీదే నడిస్తే సగం మందం అటూ సగం ఇటూ తినేస్తుంది. అందుకని అక్షరం కోసేటప్పుడు గీతకి బయట నుంచి నడవమనాలి, గూడు తవ్వేటప్పుడు లోపల నుంచి నడవమనాలి. ఆ జరుపుడే ఆఫ్‌సెట్. కంప్యూటరులో ఒక గడి నొక్కితే అదే చూసుకుంటుంది. కళావతి చూసుకుంది. అక్షరానికి బయట, గూడుకి లోపల. సరిగ్గానే ఉంది. బిట్టు మందం సరిగ్గానే రాసింది. మరి ఎందుకు దిగదు?

మధ్యాహ్నానికి లోవమ్మ మరో నలుగురిని వెంటేసుకుని, క్యారేజీతో దిగింది. అక్షరాల కుప్ప చూసి వాళ్ల మొహాలు పడిపోయాయి. కానీ ఆ మనుషులు ఎక్కువసేపు మొహం వేలాడేసుకుని ఉండలేరు. ఆ పనిలో నవ్వకపోతే బతకలేరు మరి. సోమలమ్మ 'జీ'ని గూటి మీద పెట్టి మీద కూర్చుంది.

"ఏటే, గుడ్డు పెడతన్నావా?" అంది లోవమ్మ.

"పెళ్లికొడుకు పీటల మీద కూకోనంటన్నాడు. బలవంతం సేస్తన్నాను," అంది సోమలమ్మ. అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. లోవమ్మ కూడా నవ్వింది గానీ, నవ్వు ఆగాక 'జీ'ని చేతిలోకి తీసుకుని, "రేపు పొద్దున్నేనప్పా," అంది మెల్లగా.

అంతలో మహాలక్ష్మమ్మ గారు వచ్చింది. రిటైరైన టీచరమ్మ. చేతిలో పట్టు జాకెట్టు. "కళావతీ, ఇది పట్టడం లేదమ్మా. ఇప్పుడే పెళ్లికి వెళ్లాలి."

"ఇలా ఇవ్వండి, లోపల గుడ్డ వదిలాను," అంది కళావతి. ఎన్ని తలనొప్పులున్నా కుట్టు విప్పడం ఆవిడ చేతులకి వచ్చేసిన పని. పక్క కుట్టు చరచరా విప్పింది. లోపల మడిచిపెట్టిన గుడ్డ, కొత్తగా మెరుస్తూ, అర అంగుళం పైన బయటికి వచ్చింది. కళావతి చేత్తో కుట్టిన ఏ జాకెట్టుకైనా ఆ మడత ఉంటుంది. ఊరు లావైనా ఆవిడకి భయం లేదు.

దేవుళ్లు బోర్డు పలక వేళ్లతో తడుతూ అన్నాడు: "జాకెట్టుకి వదిలావు సరే. రేపు ఈ బోర్డు లావైపోతే? దీనికీ లోపల గుడ్డ ఒదల్లేదా బ్రో?"

కళావతి చేతిలో బ్లేడు ఆగిపోయింది.

"వదిలానండీ," అంది.

"ఏటి వదిలావు?"

"వదిలాను! ప్రతి అచ్చరానికీ వదిలాను!" అంటూ లాప్‌టాప్ మీదికి దూకింది. తెర మీద 'జీ' చుట్టూ, గౌతమి గీసిన గీతకి బయటగా, ఇంకో గీత. కళావతి స్వయంగా గీసింది. బిట్టు చెక్కని తినేస్తుందని వీడియోలో చెప్పారు కదా అని, గుడ్డ మీద సుద్దముక్కతో గీసినట్టే, శ్రద్ధగా, ప్రతి అక్షరానికీ చుట్టూ కాస్త వదిలి గీసుకుంది. ఆ తర్వాత గడి కూడా నొక్కింది. గడి దాని పని అది చేసింది, బిట్టుకి కావలసినంతా జరిగింది. ఆవిడ వదిలిందంతా అక్షరానికి కొవ్వులా మిగిలిపోయింది. గూడుకి మాత్రం ఏమీ వదల్లేదు. ఎందుకు వదులుతుంది? గూడు ఒళ్లు. అక్షరం గుడ్డ. ఒంటి కొలత ఉన్నదున్నట్టే తీసుకుంటారు, వదిలేది గుడ్డకే.

"గుడ్డయితే ఎక్కువైంది కుట్టులోకి మడిసేస్తాం," అంది కళావతి, నవ్వు ఆపుకోలేక. "సెక్కని ఎక్కడికి మడుస్తానే? సెక్కకి కుట్టేటి, నా బొంద!"

కింద కూర్చుండిపోయి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడని చూసి లోవమ్మ, లోవమ్మని చూసి సోమలమ్మ, ఏమీ అర్థం కాకపోయినా మహాలక్ష్మమ్మ గారు కూడా, సగం విప్పిన జాకెట్టు చేత్తో పట్టుకుని. దేవుళ్లు మాత్రం గంభీరంగా, "నేను అడిగాను కాబట్టి తెలిసింది," అని ఆ గదిలో ఉన్న ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పాడు.

తాను గీసిన గీతలన్నీ చెరిపేసింది. రమణబాబుకి ఫోను చేస్తే, "రెండూ అచ్చు ఒకటే కొలత అయితే కూడా దిగదండీ, అక్షరాన్ని వెంట్రుకవాసి తగ్గించండి," అన్నాడు. ముందు 'మ' ఒక్కటే కోసి చూసింది. గూటి మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేసింది. 'ఠప్'మని దిగింది. గోరు పెట్టి లాగింది. రాలేదు. సూది పెట్టింది. సూది వంగింది.

ఆ తర్వాత కొట్టు కొట్టులా లేదు. పెళ్లి విడిదిలా ఉంది. ముందు మహాలక్ష్మమ్మ గారి జాకెట్టు వదులై ఆవిడ పెళ్లికి వెళ్లింది, తల్లో పొట్టుతోనే. బిట్టు గుండ్రటిది గనక గూటి మూలలు గుండ్రంగా వస్తాయి, మన అక్షరాలు చాలావరకూ గుండ్రమే గనక బతికిపోయారు. తలకట్టు కొసలు మాత్రం సూదిగా ఉండి లోపలికి పోనన్నాయి. వాటిని అరగదియ్యడానికి గరుకు కాగితాలు పట్టుకుని ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. పిక్క చితక్కుండా పప్పు తీసే చేతులు అవి, కొసలు ఎంత అరగాలో అంతే అరిగాయి. మధ్యలో 'సం' పక్కనున్న సున్న లోపలి బిళ్ల ఊడి, బిస్కెట్టులా ఎగిరి చారు గిన్నెలో పడింది. దాన్ని కడిగి దాని చోట దాన్ని కొట్టేశారు.

చివరి అక్షరం సోమవారం పొద్దున్న కోశారు. దేవుళ్లు ఆటో వెనక పలకలన్నీ వరసగా బిగించిన పొడుగాటి చెక్క బద్దె, దాని మీద కాళ్లు పెట్టుకుని కళావతి, లోవమ్మ. 'ఘం' తలకట్టు కొస ఇంకా అరగలేదు. ఆటో గోతిలో పడ్డప్పుడల్లా లోవమ్మ చేతిలో గరుకు కాగితం కొస తప్పి గాలిని అరగదీసింది.

"బేగి తోలండీ!"

"నేను తోలేది ఆటో, హెలికాప్టరు కాదు బ్రో!"

వాళ్లు చేరేసరికి ఆఫీసరు నారాయణమూర్తి గారు సోమలమ్మ వసారా ముందు మోటారుసైకిలు దిగుతున్నాడు. రోడ్డు అవతల షావుకారు కాపలావాడు బీడీ ముట్టించుకుని వేడుక చూస్తున్నాడు. ఆఫీసరు వసారా చూశాడు, గోడ చూశాడు. "ఆఫీసు ఇదేనా? బోర్డు ఏదీ?"

"వొచ్చేసిందండీ!" అని అరుస్తూ నలుగురు ఆడవాళ్లు బద్దెని ఎత్తి గోడకి పెట్టారు. ఇద్దరు ఇంట్లోకి వెళ్లి, గోడకి ముందే తొలిచిన కన్నాల్లోంచి బోల్టులు బిగించారు. నట్లు ఇంటి లోపల, బోల్టుల తలలు పలకల వెనక. నారాయణమూర్తి గారు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"జీడిపిక్కల... కూలి... మహిళల... సం..." ఆగాడు. "తర్వాత?"

"అరుగుతోంది సార్," అంది లోవమ్మ.

"ఏంటి అరిగేది?"

"కొస సార్. ఒక్క నిమిషం."

"చూడమ్మా, నాకు ఇంకా రెండు ఊళ్లున్నాయి. పేరు పూర్తిగా ఉంటేనే..."

లోవమ్మ 'ఘం'ని గూటి మీద పెట్టింది. కళావతి సుత్తి ఎత్తింది. ఠప్. సగం దిగింది. ఠప్. గోడ మీద సున్నం రాలింది, సోమలమ్మ కోడి అరుస్తూ వీధిలోకి పరిగెత్తింది. మూడో దెబ్బకి అక్షరం మట్టంగా కూర్చుంది.

ఆఫీసరు దగ్గరికి వచ్చాడు. వేలితో 'ఘం' అంచు తడిమాడు. బొటనవేలి గోరు పెట్టి లాగి చూశాడు. జేబులోంచి బండి తాళంచెవి తీసి దాంతో కూడా ప్రయత్నించాడు. తాళంచెవి జారిపోయింది. 'క్క' ఒత్తు మీద కూడా ప్రయత్నించాడు.

"ఊడదే!" అన్నాడు, తనలో తను.

"ఊడదు సార్," అన్నారు ఆడవాళ్లు. అవతల కాపలావాడికి వినబడేంత గట్టిగా అన్నారు. వాడు బీడీ పారేసి గిడ్డంగిలోకి వెళ్లిపోయాడు.

నారాయణమూర్తి గారు బండి సీటు మీద కాగితం పెట్టుకుని రాశాడు. లోవమ్మ ఆయన భుజం వెనక నిలబడింది. "ఏటి రాసారు సార్? సదివి పెట్టండి."

"సంఘానికి కార్యాలయం ఉంది. శాశ్వతమైన పేరు బోర్డు ఉంది. రిజిస్ట్రేషనుకి సిఫార్సు చేస్తున్నాను." చదివి ఆయన కలం మూశాడు.

"ఇంకోపాలి సదవండి సార్," అంది లోవమ్మ. "ఈపాలి గట్టిగా. ఎనకున్నోళ్లకి ఇనబళ్లేదు."

నారాయణమూర్తి గారు మళ్లీ కాగితం తెరిచాడు.